వైరున్న మౌస్

సుధాకర్ చెప్పాల్సిందంతా చెప్పి ఆగాడు. ఆనంద్ బాబు తల కూడా తిప్పలేదు. కంప్యూటర్ ముందు కూర్చొని, ఆదివారం పాడబోయే పాటల్లో అక్షరాలు సరిచూసుకుంటున్నాడు.

“చూసినవా జెన్నీ, మీ చిన్నాయన పొగరు? మనిషి ఎనకనే నిలబడి మాట్లాడుతుంటే మొహమన్న తిప్పడు.”

సుధాకర్ చేవెళ్ల చర్చి కమిటీకి కార్యదర్శి. ఆయన కోపమంతా ఒక మౌస్ మీద. చర్చిలో మైకు మారింది, ప్రొజెక్టర్ మారింది, నేల మీద కొత్త తివాచీ పడింది. ఆనంద్ బాబు చేతి కింది మౌస్ మాత్రం మారలేదు. తెల్లగా ఉండాల్సింది పసుపు పచ్చగా అయిపోయింది, వైరుకు రెండుచోట్ల నల్ల టేపు. కంప్యూటర్ పెట్టె నేల మీద ఉంటుంది కాబట్టి ఆ వైరు బల్ల అంచు మీదుగా కిందికి వేలాడుతుంది. వచ్చే ఆదివారం మొయినాబాద్ సంఘం వాళ్లు కూడా ఇక్కడికే ఆరాధనకు వస్తున్నారు. లైవ్ పెడతారు. అందులో ఈ టేపుల వైరు కనబడితే పరువు దక్కదని సుధాకర్ బెంగ. సొంత డబ్బుతో వైరు లేని మౌస్ కొనుక్కొచ్చాడు కూడా. అది ఉంటే బల్లను ఎక్కడో స్తంభం చాటుకు జరపొచ్చు.

పద్మమ్మ భర్త భుజం తట్టింది. అప్పుడు తిరిగాడు ఆనంద్ బాబు. సుధాకర్ చేతిలోని డబ్బా చూశాడు. విషయం అర్థమైంది.

“నా మౌసు నాకుండని సుధాకర్. అది తీస్తే నేను గుడ లేస్త ఈడికెల్లి.”

అంతే, మళ్లీ తెర వైపు తిరిగిపోయాడు. మిగతా వాదనంతా పద్మమ్మే చేసింది. ఈ మధ్య ఎవరేమడిగినా ఆమే జవాబు చెబుతోంది. ఆయన అలిగి కూర్చుంటే పాపం చిన్నమ్మ సర్దుకొస్తోందని జెన్నీ అనుకుంది. గండిపేట దగ్గర హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల, ఆదివారం వస్తే వచ్చినట్టు. ఇంటి సంగతులు ఆ మాత్రమే తెలుసు.

ఆనంద్ బాబు పట్టుదలను తప్పుపట్టలేం. జీవితమంతా రాళ్లు పగలగొట్టే క్రషర్ దగ్గర పనిచేసి, మోకాళ్లు సహకరించక మానుకున్నాడు. తర్వాత ఆయనకు మిగిలింది ఈ కుర్చీ ఒక్కటే. పాటలన్నీ ఒక్క వేలితో తనే టైపు చేసుకున్నాడు. ఆదివారం చొక్కాకు శనివారమే ఇస్త్రీ చేయించుకుంటాడు. ఆ కుర్చీ పోతే మనిషి దక్కడని పద్మమ్మ భయం, అది నిజంగా భయమే.

పని చూడ్డానికి తేలిక, పాట సాగుతుంటే మౌస్ నొక్కి తెర మీద పేజీలు తిప్పడమే. కానీ పాట నడిపించేవాడు కృపాకర్. ఊపు వచ్చిందంటే పల్లవి ఎన్నిసార్లు తిప్పి పాడతాడో ఆయనకే తెలియదు. సరిగ్గా చరణం ఎత్తుకున్నప్పుడే తెర మీద పేజీ మారాలి. ఆనంద్ బాబుకు జ్వరమొచ్చి భార్యాభర్తలు రాని ఆదివారం జెన్నీ కూర్చుంది. సగం సంఘం పల్లవిలో, సగం సంఘం చరణంలో చిక్కుకుపోయాయి. ఆనంద్ బాబు మాత్రం ఒక్కనాడూ తప్పలేదు. చెవి అంటే ఆయనదేనని కృపాకర్ అందరి ముందూ మెచ్చుకుంటాడు.

సుధాకర్ బయటికొచ్చి జెన్నీకి తన తీర్మానం చెప్పాడు. ఆ మౌస్ మారకపోతే పై వారం నుంచి కుర్చీలో కొత్త మనిషి కూర్చుంటాడు. చిన్నాయన కుర్చీ నిలబెట్టాలని జెన్నీ గట్టిగా నిశ్చయించుకుంది. ముసలితనంలో కొత్తదంటే బెదురు, అంతకంటే ఏముంటుంది? ఒక్కసారి చేతికి అలవాటైతే ఆయనే వదలడు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు బల్ల కింద దూరి పాతది పీకేసి కొత్తది పెట్టాలి. సుధాకర్ సరేనన్నాడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. పద్మమ్మ ఎప్పటిలాగే భర్త బల్ల కాలికి ఆనుకొని తివాచీ మీద కూర్చుంది. ముందుకొచ్చి ఫ్యాను కింద కూర్చోమని మొయినాబాద్ ఆడవాళ్లు పిలిచినా కదల్లేదు. ఈ వయసులోనూ మొగుణ్ని వదలదని వాళ్లు నవ్వుకున్నారు.

ప్రార్థన జెన్నీ అనుకున్నంత సేపు సాగలేదు. ఆమె వెనక నుంచి బల్ల కిందికి దూరేసరికే పాట మొదలైంది. అయినా వెనక్కి తగ్గలేదు. చేతికందిన వైరు వెంట వెళ్లి ప్లగ్గు పట్టుకుంది.

పద్మమ్మ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు జెన్నీకి నొప్పేసింది.

పద్మమ్మ రెండో చేతి వేళ్ల మధ్య మౌస్ వైరు ఉంది. చూపు కృపాకర్ మీద. పల్లవి అయిపోయింది. కృపాకర్ మళ్లీ పల్లవే ఎత్తుకున్నాడు. వేళ్లు కదల్లేదు. మళ్లీ పల్లవి. అప్పుడూ కదల్లేదు. చరణం అందుకోగానే ఆమె వైరును మెల్లగా లాగింది. పైన ఆనంద్ బాబు చేతి కింద మౌస్ కదిలింది, ఆయన వేలు టిక్కున నొక్కింది. సంఘమంతా ఒక్క గొంతుతో చరణంలోకి వెళ్లింది.

జెన్నీ నమ్మలేక రెండో చరణం దాకా ఆగి చూసింది. మళ్లీ అలాగే, వేళ్లు లాగాయి, పేజీ మారింది. ఆమె ప్లగ్గు మీద నుంచి చేయి తీసేసింది.

“ఏంది చిన్నమ్మా ఇది? ఆయనంతట ఆయన్నే నొక్కనియ్యరాదు?” అని గుసగుసగా అడిగింది.

పద్మమ్మ కృపాకర్ మీద నుంచి చూపు తిప్పకుండానే కిందికి వంగింది.

“మీ చిన్నాయనకు చెవులు పోయినయి బిడ్డా.”