పర్మనెంటు బ్యాండు

“జీతం నెలనెలా ఇస్తాను. అంతే. పీఎఫ్, సెలవులు, మందులు అని మొదలెడితే మాత్రం మన బేరం ఇక్కడితో సరి, మాస్టారూ,” అంది తబిత.

విల్‌ఫ్రెడ్ ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని, మడతపెట్టిన షామియానాల మీద కూర్చున్నాడు. వెనకాల అతని బృందం. ఒకడు ఆటో తోలుతాడు, ఒకడు గోడలకు రంగులు వేస్తాడు. పెళ్ళిళ్ళొస్తే అందరూ కోట్లు తొడుక్కుని బ్యాండువాళ్ళవుతారు.

తబితది ఈ రైల్వే ఊళ్ళో, ఇందా అనే పేటలో టెంట్ హౌస్. కుర్చీలు, దీపాలు, వంట డేగిశాలు అద్దెకిస్తుంది. పెళ్ళివాళ్ళు అన్నీ తన దగ్గర మాట్లాడుకుని, బ్యాండు కోసం ఇంకో గుమ్మం ఎక్కడం ఆమెకు కంట్లో నలుసు. కుర్చీ ఖాళీగా ఉంటే దుమ్ము పడుతుంది, తుడుచుకోవచ్చు. మనిషి ఖాళీగా ఉంటే పక్క ఊరు పోతాడు, తెచ్చుకోలేం. అందుకే ఏడాది పొడవునా పనిచేసే బ్యాండు పెట్టాలనుకుంది. సాధనకు గోడౌన్ కావాలి. అది తండ్రి ఆమోసు పేర ఉంది.

ఆమోసు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. యూనియన్ మనిషి. గోడౌన్ తాళంచెవులు గుప్పిట్లో పెట్టుకుని గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

“పెళ్ళిళ్ళున్నన్నాళ్ళూ రాజులు, ఆషాఢమొస్తే బికారులు. ఈ ఊదేవోళ్ళకి నెలజీతం ఎక్కడ్నించి తెస్తావే అమ్మా?”

“రిటైర్మెంట్ల నుంచి.”

“ఏటీ?”

“పెళ్ళికైతే ముహూర్తం కావాలి. రైల్వేలో దిగేవాళ్ళకి నెలాఖరు చాలు. దండ వేసి ఇంటిదాకా ఊరేగిస్తారు కదా. దానికి ఆషాఢం లేదు, బెంగాలీల పౌష్ మాసం లేదు. పూజలకు నిమజ్జనాలు, మనకు క్రిస్మస్, మధ్యలో క్లబ్బుల ఫుట్‌బాల్ ఫైనల్సు. ఖాళీ ఎక్కడుంది నాన్నా?”

ఆమోసుకు తన రిటైర్మెంటు గుర్తొచ్చింది. తనను ఊరేగించిన రోజున ఒక్క అరువు డ్రమ్ము తప్ప దొరకలేదని ఇప్పటికీ సణుగుతాడు.

“బాగానే ఉంది. మాస్టరుగా మరి ఈడే దొరికినాడా?”

“స్వరం రాసి, నేర్పి, అందర్నీ ఒక వరసలో నడిపించేవాడు ఊళ్ళో ఇంకొకడుంటే చూపించు.”

విల్‌ఫ్రెడ్ తల ఎత్తాడు. “కటక్ బ్యాండువాళ్ళు రమ్మంటున్నారు, ఆదివారం లోపల చెప్పమన్నారు తబిత గారూ. ఇక్కడ నాకేటుందని ఉండాలి?”

“జీతముంది.”

“రేపు నచ్చలేదంటే?”

“తీసేస్తాను. వ్యాపారం వ్యాపారమే.”

ఆమోసు కుర్చీ కిర్రుమంది.

“తీసేస్తావా? నోటీసు లేకుండానా? ఏటి తప్పు సేసినాడని?”

“నా బ్యాండు, నా ఇష్టం.”

“నీ ఇష్టం నీ కుర్సీల మీద సెల్లుద్ది. పనోడి మీద సెల్లదు. వర్క్‌షాపు గేటుకాడ ఎండలో నిలబడి అరిసింది ఇందుకా? ఇంట్లోనే నా కూతురు మేనేజిమెంటయిపోయింది.”

“అంకుల్ జిందాబాద్,” అన్నాడు పెద్ద డ్రమ్ము దావీదు. అందరూ నవ్వారు. తబిత నవ్వలేదు.

“పీఎఫ్ కట్టు,” అన్నాడు ఆమోసు.

“మునిగిపోతాను నాన్నా.”

“మునుగు. ఈతొస్తాది.”

“పోనీ, మాస్టారు ఒక్కరికీ కడతాను.”

“అందరికీ. జొరమొస్తే సెలవు, జీతం కోయకుండా.”

తబిత చీరకొంగుతో మెడ తుడుచుకుంది. డ్రమ్ముల ఖరీదు, కోట్ల కుట్టుకూలి ఏకరువు పెట్టింది. ఆయన వింటేనా. బేరంలో తొందరపడి ఊ అన్నవాడిదే నష్టం. ఆమె ఒక్కో షరతుకూ మొహం ముడుస్తూ, మెట్టుమెట్టుగా దిగింది.

“ఏరా, నువ్వుండేదెక్కడ?” అని ఆమోసు విల్‌ఫ్రెడ్‌ను అడిగాడు.

“సాలువా అవతల, అంకుల్. అద్దె గది.”

“పొద్దున్న డ్యూటీకి అక్కణ్ణించి సైకిలు తొక్కుతావేటి? అమ్మా, ఈ గోడౌన్ మీద గది ఖాళీయే గదా. ఇచ్చేయ్. క్వార్టరు లేని ఉద్యోగం ఏటి ఉద్యోగం?”

“గది కూడానా?”

“గది కూడాను. లేదంటే తాళం తియ్యను.”

తబిత వేళ్ళ మీద ఖర్చు మళ్ళీ లెక్కేసింది. “సరే,” అంది చివరికి, పన్ను పీకించుకున్నట్టు.

“ఇప్పుడేటంతావురా? కటక్ పోతావా?”

“పోను, అంకుల్.”

“ఎంతకాలం ఉంటావు?” అని తబిత అడిగింది.

“మీరు ఉంచినంతకాలం,” అన్నాడు విల్‌ఫ్రెడ్.

ఆమోసు లేచి అతని భుజం చరిచాడు. “ఇయ్యాల్టి నుంచి ఈడు పర్మనెంటు. సెప్పేది ఆమోసు.” తాళంచెవులు దావీదు చేతిలో పడేశాడు. బృందమంతా గది చూడ్డానికి మేడమీదికి ఎగబాకింది. విల్‌ఫ్రెడ్ అందరికంటే వెనకగా వెళ్ళాడు.

తండ్రీ కూతుళ్ళు మిగిలారు. యూనియన్ చేజిక్కించుకున్న ఈ గెలుపుకు ఆమోసు మీసం దువ్వుకుంటున్నాడు.

“రేపు మాట మార్చవు కదా?” అంది తబిత.

“నేనా?”

“మరి ఈ ఊళ్ళో పర్మనెంటు కానివాణ్ణి మనిషి కింద లెక్కెయ్యనంటావు. ఇతన్ని లెక్కేసినట్టేనా?”

“జీతం, పీఎఫ్, క్వార్టరు. ఇంకేటి గావాలి? మన ట్రాఫిక్ పేట నడిబొడ్డున నిలబెట్టి ఎవుడికైనా సెప్తాను, ఈడు పర్మనెంటని.”

తబిత కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వింది.

“అయితే విల్‌ఫ్రెడ్‌తో నా పెళ్ళికి ఇప్పుడైనా ఒప్పుకో, నాన్నా.”