ఒక్కటీ చదవలేదు

"ఇక ఆపెయ్యండి సార్. మీకు దణ్ణం పెడతాను," అంది డ్రైవింగ్ టీచరమ్మ.

కళ్లజోళ్ల షాపాయన అద్దం తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు. ఆవిడ దేని గురించి వచ్చిందో ఆయనకు అర్థమైంది. షాపు ఆయన బతుకుతెరువు. పేట వెబ్‌సైటు ఆయన సరదా. నీళ్లు ఏ రోజు రావో, ఎవరి పిల్లి తప్పిపోయిందో, ఏ పనికి ఎవరిని పిలవాలో అన్నీ అందులో పెడతాడు. ప్రతి పేజీ కిందా ఎవరైనా తమ అభిప్రాయం రాసుకోవచ్చు. పేరు చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు.

టీచరమ్మ డ్రైవింగ్ స్కూలు పేజీ కింద రెండు నెలలుగా తిట్లు పడుతున్నాయి.

"నేర్చుకునే ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఈ వారం కూడా ఇలాగే ఉంటే కారు అమ్ముకుని స్కూలు మూసెయ్యడమే. నా పొట్ట మీద కొట్టి ఏం బావుకుంటారు?"

"అమ్మా, నేను చోటిచ్చాను. అంతవరకే నా పని. మీవి తీసేస్తే రేపు ఇంకొకరొచ్చి మావీ తియ్యమంటారు. అందుకే అసలు ఆ రాతల జోలికే పోను. ఇప్పటిదాకా ఒక్కటీ చదవలేదు. దేవుడి మీద ఒట్టు."

ఆవిడ ఆయన మొహంలోకి వింతగా చూసింది.

"ఒట్టు కూడా వేస్తున్నారా?"

"ఉన్నమాటకు ఒట్టేస్తే తప్పేముందమ్మా?"

ఆవిడ ఫోన్ ఆయన ముందు పెట్టింది. ఆయన గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"చూడను. చూస్తే పక్షపాతం వస్తుంది."

"అయితే వినండి. 'మొగుణ్ణే నిలుపుకోలేనిది బండినేం నిలుపుతుంది?'" చదువుతూండగానే ఆవిడ గొంతు జీరబోయింది.

"ఎవడోగానీ పచ్చి వెధవ," అన్నాడాయన, కళ్లు మూసుకునే.

"ఆ మాట మీరే అంటున్నారా?"

"నేనే అంటున్నాను. నలుగురిలోనూ అంటాను."

ఆవిడ ఫోన్ సంచిలో పడేసుకుని విసురుగా వెళ్లిపోయింది.

లోపల ఫ్రేముకు మర బిగిస్తున్న భార్య తలెత్తింది.

"బాగుందండీ ఎడిటర్ గారూ. మన ఇంటి తలుపు బార్లా తెరిచిపెట్టి, లోపల ఎవరు ఎవర్ని కొట్టుకున్నా నాకేం సంబంధం అన్నట్టుంది."

"నీకేం తెలుసు? నా సైటు ఒక్కసారైనా చూశావా?"

"ఇంట్లో మీ మాటలు వింటున్నది చాలదూ?"

భార్య ఎంత తీసిపారేసినా, ఈ మధ్య పేటలో తన పరపతి పెరిగిందని ఆయన నమ్మకం. పార్కులో బెంచీ మీద కూర్చోబోతే పక్కవాళ్లు లేచి బెంచీ మొత్తం వదిలేస్తున్నారు. బేకరీ అతను మునుపటిలా కబుర్లు పెట్టుకోకుండా రొట్టె చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోతున్నాడు. మొన్న క్షవరం చేసే అతను కత్తి మెడ మీద ఆనించి, "మీతో జాగ్రత్తగా ఉండాలి సార్," అన్నాడు.

రాసేవాడంటే ఆమాత్రం భయభక్తులు ఉంటాయి మరి, అనుకున్నాడు. ఆ వెంటనే అద్దంలో చూసుకుని, "ఈ బట్టతలకి ఇంత మర్యాద కాస్త ఎక్కువే," అని తనే నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుంటే మనసు నిలవలేదు. ఆ జీరబోయిన గొంతే వినిపిస్తోంది.

"స్వామీ, అంతా చూసేవాడివి నువ్వు. చూడకపోతే పాపం అంటదని మరి నాకెవరు చెప్పారు? ఊళ్లోవాళ్లకి కళ్లజోళ్లు అమ్ముకుంటూ నేను కళ్లు మూసుకు కూర్చున్నాను. నిన్ను నవ్వించడానికి కాకపోతే నన్నెందుకు పుట్టించావు?"

పొద్దున్న షాపు తెరుస్తూనే టీచరమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, స్కూలు మూయకండి. ఇప్పుడే అన్నీ తీసేస్తున్నాను."

"ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?"

"వచ్చిందమ్మా. నాకు ఏదైనా ఆలస్యంగానే వస్తుంది. పెళ్లి కూడా అంతే."

ఆవిడ నవ్వలేదు.

"అన్నీ తీసేశాక, సైటు తరఫున మీకు క్షమాపణ కూడా రాస్తాను," అన్నాడాయన. "ఆ రాసిన పెద్దమనిషెవరో తెలిస్తే, వాడి పేరు కూడా అందరికీ తెలిసేలా పెద్ద అక్షరాలతో వేస్తాను."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

పాపం, ఏడుపొచ్చి ఉంటుంది అనుకున్నాడు. కళ్లజోడు శుభ్రంగా తుడిచి పెట్టుకుని, రెండు నెలల నియమాన్ని పక్కన పెట్టి, డ్రైవింగ్ స్కూలు పేజీ తెరిచి కిందికి వెళ్లాడు.

పేరు చెప్పకుండా ఎవరు ఏం రాసినా, దాని పక్కన సైటు తనంతట తనే యజమాని పేరూ, కళ్లజోడు పెట్టుకుని నవ్వుతున్న ఆయన ఫొటోనూ వేసేస్తోంది.