వంకర ముక్కు

నూరేళ్ళనాటి ఇటుకల పొగాకు కాల్చే బ్యారన్ గోడ మీద ఊరంతా కలిసి బొమ్మ వేయించాలనుకుంది. ఏ బొమ్మ వెయ్యాలన్న దగ్గర ఏ వీధికా వీధి కర్రలు తీసింది. చివరికి పంచాయతీవాళ్ళు పెయింటర్ మస్తానుతో ఉత్త సున్నం కొట్టించారు. ఈ రోజుల్లో అందరి కళ్ళకూ కంప్యూటరు బొమ్మలద్దాలే గనక, ఎవరు కోరిన బొమ్మ వాళ్ళకు అక్కడ కనపడుతుంది.

మస్తానుకు మనసొప్పలేదు. ఆ సున్నం మీదే, ఒకప్పుడు అక్కడ ఆకులేరి పొగాకు గ్రేడింగు చేసిన ఆడవాళ్ళను వేశాడు. ఒక్కరైనా చూడకపోతారా అని రోజూ వచ్చి నిలబడేవాడు. నెలైనా అద్దాలు తీసి ఎవరూ చూడలేదు.

ఓ పొద్దున గేదెల్ని తోలుకెళ్తున్న దానమ్మ, చెమట తుడుచుకోడానికి అద్దాలు తీసి, గోడవంక చూసి ఆగిపోయింది.

"ఒరే మస్తానూ, అది మాయమ్మే గదరా! ముక్కు అంత వంకరగా పెట్టావేందిరా, నీ చేతులు పడిపోను!"

మస్తాను గబగబా నిచ్చెన తెచ్చాడు.

"ఎటేపు వంకరుందో చెప్పత్తా, దిద్దుతా. అద్దాలు మాత్రం పెట్టుకోమాక."