ఎయిర్ పట్టిన లారీ

"కొట్టరా!" అన్నాడు అన్న, బానెట్ కింద నుంచి.

క్యాబిన్‌లో కూర్చున్న తమ్ముడు సెల్ఫ్ కొట్టాడు. లారీ గరగరమని మూలిగి ఊరుకుంది.

నిన్న తమ్ముడు నడుపుతుండగా దారిలో డీజిల్ అయిపోయి ఆగితే షెడ్డుకు లాక్కొచ్చిన బండి అది. ట్యాంకు నింపినంత మాత్రాన కదలదు. పైపుల్లో చేరిన గాలినంతా తీయాలి. అన్న మళ్లీ ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టాడు. పొద్దున నురగలు కక్కిన చోట ఇప్పుడు ఒక్క బుడగ కూడా లేదు. శుభ్రంగా డీజిల్ వస్తోంది. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ పైపుల దగ్గర మాత్రం చుక్క రాలడం లేదు.

ఊళ్లో ఎవరి బండికి ఎయిర్ పట్టినా అతన్నే పిలుస్తారు. సొంత బండి దగ్గర ఇవాళ అతనికి కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

నిన్న ఇదే షెడ్డులో, పనివాళ్లందరి ముందూ తమ్ముణ్ణి కడిగిపారేశాడు.

"డీజిల్ చూసుకోవడం కూడా చేతకాని వాడివి, నీకు డ్రైవింగెందుకురా? ఈ బండి తీసుకుని నీ దారి నువ్వు చూసుకో. మళ్లీ నా గడప తొక్కకు!"

డీజిల్ మీటరు ముల్లు సగం చూపించిందన్నా అని వాడు చెబుతున్నా వినిపించుకోలేదు. వాడు పొద్దున్నే బట్టల పెట్టె తెచ్చి క్యాబిన్‌లో పడేశాడు. ఇక బండి స్టార్ట్ కావడమే ఆలస్యం.

తెల్లవారి డీజిల్ పోయబోతూ అన్న ఆ ముల్లు చూశాడు. ట్యాంకు ఖాళీ. ముల్లు మాత్రం సగం దగ్గర నిక్షేపంగా నిలబడి ఉంది. కిందటి నెల దాన్ని విప్పి బిగించింది తనే. ఆ ముల్లు చూసినప్పటి నుంచీ సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఒక్క మాట చెబితే అయిపోతుంది. నోరు పెగిలితేగా!

ఇంతలో భార్య భోజనం డబ్బా పట్టుకుని వచ్చింది. మరిది వంక చూసి, మొగుడి మీద విరుచుకుపడింది.

"గాలి ఆ బండిలో ఉందా, మీ బుర్రలో ఉందా? నిన్నటి నుంచి వాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు, తెలుసా?"

అన్న చేతిలోని స్పానరు కింద పెట్టాడు.

"ఒరేయ్..." అన్నాడు బానెట్ వైపే చూస్తూ. "ఆ ముల్లు బిగించింది నేను. సరిగ్గా బిగించలేదు. తప్పు నాది. నలుగురిలో నిన్ను అనరాని మాటలన్నాను."

అన్న కళ్లు తుడుచుకోబోతే మొహమంతా డీజిల్ అయింది.

"ఎక్కడికీ వెళ్లొద్దురా. నువ్వు లేకపోతే నాకు ముద్ద దిగదు."

స్పానరు మళ్లీ తీసుకుని, వదులు చేసిన స్క్రూ బిగించాడు.

"ఇంకోసారి కొట్టనా అన్నా?" అన్నాడు తమ్ముడు.

"కొట్టు," అన్నాడు అన్న, ఏ ఆశా లేకుండానే.

తమ్ముడు పొద్దుటి నుంచీ కావాలనే బయటికి లాగి ఉంచిన, ఇంజన్‌కు డీజిల్ అందకుండా ఆపేసే నాబ్‌ను లోపలికి తోసి, సెల్ఫ్ కొట్టాడు.