మూడో తెర

"ఇక్కడ మామయ్యా గీమయ్యా అనకు. సార్ అను," అన్నాడు పరీక్షాధికారి, చీకటి గదిలోకి అడుగు పెడుతూనే.

"సరే సార్," అంది మేనకోడలు.

టీవీలు తయారుచేసే ఆ కంపెనీలో ఏ తెర బజారుకి వెళ్లాలన్నా ముందు ఆయనగారి కళ్లముందు నిలబడాల్సిందే. ముప్పై ఏళ్లుగా అదే పని, అదే పొగరు. ఎల్సీడీ పేరెత్తితే ముక్కు చిట్లిస్తాడు. దాంట్లో వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నలుపు నలుపు కాదట, బూడిదట. ప్లాస్మా మీద మాత్రం కాస్త దయ. అందులో ప్రతి చుక్కా దానంతటదే వెలుగుతుంది, ఆరితే నిజంగా ఆరుతుంది. అయితే అదీ బరువట, వేడట, ఒకే బొమ్మ గంటల తరబడి ఉంచితే మచ్చ పడుతుందట. ఇంట్లో భార్య సీరియల్ చూస్తుంటే పక్కన నిలబడి, "ఆ మొహం రంగు చూడు, కామెర్లొచ్చినట్టు లేదూ?" అనేవాడు. పాపం ఆవిడ టీవీ చూడ్డమే మానేసింది.

మేనకోడలంటే సొంత అక్క కూతురే. అదే కంపెనీలో ఇంజనీరు. ఆరుగురితో చిన్న ల్యాబ్ పెట్టుకుని, అట్టముక్కంత పల్చటి కొత్తరకం తెర తయారుచేస్తోంది. మూడుసార్లు తెచ్చి చూపించింది. మూడుసార్లూ "సహజంగా లేదు" అని ఒక్కముక్కలో కొట్టిపారేశాడు. నాలుగోసారి కూడా ఆయన కాదంటే ల్యాబ్ మూసేసి, ఆరుగురినీ మేనకోడల్నీ ఇంటికి పంపేస్తానని యజమానురాలు తేల్చి చెప్పేసింది. ఇవాళ ఆవిడే స్వయంగా వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఏడాదిన్నరగా పిల్ల వేళకింత తిన్నది లేదు. కాస్త మనసుపెట్టి చూడరా," అంది.

"నా కళ్లకి చుట్టరికాలు తెలీవక్కా," అని పెట్టేశాడు. ఆ మాట ఆయనకే తెగ నచ్చేసి, దారి పొడుగునా రెండు మూడుసార్లు అనుకున్నాడు.

వారం కిందటిదాకా అది పాత సామాన్ల గది. ఖాళీ చేసి, గోడలకి నల్లరంగు కొట్టించింది మేనకోడలు. ఎదురుగోడకి వరసగా మూడు నల్ల చట్రాలు. మూడింట్లోనూ ఎండలో మెరుస్తున్న పూలపాదులు, వంగి కలుపు తీస్తున్న తోటమాలి.

"గోడవతల మన తోటే సార్. కెమెరా అక్కడ పెట్టాం," అంది.

"ఏది ఏ రకమో నువ్వు చెప్పకు. నేనే చెబుతా."

పది అడుగుల దూరంలో నేలమీద గీత గీయించి, దానిమీద కుర్చీ వేయించుకున్నాడు. అది ఆయన పద్ధతి. కూర్చున్నాడంటే తీర్పు అయ్యేదాకా లేవడు. ఎడమ కన్ను మూశాడు. కుడికన్ను మీదే ఆయనకి గురి.

"మొదటిది ఎల్సీడీ. ఆ చెట్టు నీడ చూడు, బూడిద చల్లినట్టు. రెండోది ప్లాస్మా. నీడంటే అదీ! ఇక మూడోది తమరి ఘనకార్యమన్నమాట."

మేనకోడలు అవుననలేదు, కాదనలేదు. దడుచుకుందిలే అనుకున్నాడు.

"ఏంటమ్మా ఆ ఆకుపచ్చ? డబ్బాలో ముంచి తీశావా? అలాంటి ఆకులు ఎక్కడన్నా ఉంటాయా అసలు? ఎప్పుడూ ఆ ల్యాబ్‌లో కూర్చుంటే ఇంతే. బయటికెళ్లి నాలుగు చెట్లు చూడవే తల్లీ!"

"ఒక్కసారి దగ్గరికొచ్చి చూడండి సార్. పోనీ, పక్కనుంచైనా."

"నేనెక్కడ కూర్చోవాలో నువ్వు నేర్పుతావా? ముందా వెలుగు తగ్గించు. కళ్లు పోయేట్టున్నాయి."

"దాని వెలుగు నా చేతుల్లో లేదు సార్."

"చేతుల్లో లేనప్పుడు గోడకెందుకెక్కించావు?" అని వెనక్కి తిరిగి యజమానురాలి వైపు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

ఇంతలో మబ్బు పట్టింది. మూడు తోటలూ మసకబారాయి. మూడోది మాత్రం మిగతా రెండింటితో కలవలేదు, ఒక్క క్షణం తేడా.

"చూశారా మేడమ్! పక్కవాటితో కలిసి నడవడం కూడా రాదు దీనికి."

"మరి ఆ తోటమాలి?" అడిగింది యజమానురాలు.

"మనిషేనా వాడు? కీ ఇచ్చిన బొమ్మలా లేడూ! ప్లాస్మాలో చూడండి, చెమట వాసన కూడా తగులుతుంది."

"రాసి ఇస్తారా సార్?" అంది మేనకోడలు. కాగితం, కలం ముందుకు చాపింది.

ఆయనకి రవ్వంత జాలేసింది. అయినా కాగితం అందుకుని రాశాడు. "మూడో తెరలోని దృశ్యం పూర్తిగా అసహజం. రంగులు అబద్ధం, వెలుగు అబద్ధం, మనిషి కదలిక అబద్ధం." ఎవరూ అడక్కపోయినా, ల్యాబ్ మూసేయడమే మంచిదని ఇంకో వాక్యం చేర్చాడు. గట్టిగా చదివి వినిపించి, కింద సంతకం గీకి, తేదీ వేసి యజమానురాలి చేతికిచ్చాడు.

"మూడుసార్లూ ఇలాగే చూశారా?" అడిగింది ఆవిడ.

"ఇదే కుర్చీ, ఇదే కన్ను మేడమ్," అన్నాడు గర్వంగా.

"ఇంకొక్కసారి చూడరాదూ మామయ్యా?"

"సార్ అనమన్నానా!" అని కసిరాడు.

మేనకోడలు వెళ్లి మూడో చట్రం పక్కనున్న గడియ తీసి బయటికి తోయగానే, కలుపు తీస్తున్న తోటమాలి లేచొచ్చి, తల లోపలికి పెట్టి, "మీ పనైపోయిందా అమ్మా, ఈ కిటికీ అద్దం తుడిచేసుకోనా?" అన్నాడు.