జైలుగోడ మీద దేశభక్తి

"ఈ సినిమా చూసి ఒక్కడన్నా మారాల. మారినోని పేరు మంచి నడతోళ్ళ సన్నడత లిస్టులో రాసి, ఆగస్టు పదిహేనుకు ఇంటికి పంపిస్తా" అన్నాడు జైలు అధికారి హయగ్రీవ.

ఆయన బదిలీ మీద వచ్చి వారమే అయింది. ఖైదీల ఫైళ్ళు తిరగేసే తీరిక ఇంకా చిక్కలేదు గానీ, వాళ్ళను మార్చేయాలన్న తొందర మాత్రం వచ్చేసింది.

సునీల్‌కుమార్ ముందు వరసలో కూర్చున్నాడు. బాగేపల్లిలో, పుట్టింట్లో ఉన్న భార్య సుమకు ఈ నెలలోనే కాన్పు. లిస్టులో పేరు పడకపోతే, బిడ్డకు నడక వచ్చాకే మొహం చూడటం.

హయగ్రీవ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ప్రొజెక్టర్‌కు గుచ్చాడు.

"పోయిన దీపావళికి రిలీజైన రెండో దినమే మా బామ్మర్ది ఇచ్చినాడు. టికెట్ ఖర్చు గూడా లేదు!"

గోడ మీద కథ మొదలైంది. యుద్ధం రోజులు. తాళాలు తీయడంలో ఆరితేరిన దొంగను సైన్యం పట్టుకొచ్చి, శత్రువుల ఇనప్పెట్టె తెరవమంటుంది. నాకేం పట్టిందంటాడు దొంగ. ఒక పాట అవుతుంది. దేశభక్తి పుట్టుకొస్తుంది.

హీరో జెండాకు సెల్యూట్ కొట్టాడు. జేబులు కొట్టి లోపలికొచ్చినవాళ్ళు కూడా ఛాతీలు విరిచారు. హాలంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే ఖళ్ళు ఖళ్ళుమని దగ్గు.

"ఎవరప్పా అది దగ్గేది? దేశమంటే మర్యాద లేదా?" అని గద్దించాడు హయగ్రీవ.

ఖైదీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఎవరిదో తల బొమ్మకు అడ్డం వచ్చింది.

"కూర్చో!" అని కేకేశాడాయన.

తల కూర్చోలేదు. గోడ మీదే అటునుంచి ఇటు నడిచిపోయింది.

సునీల్ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. సినిమా అయ్యేసరికి అతని కళ్ళనిండా నీళ్ళు.

హయగ్రీవ కరిగిపోయాడు. "ఏం నేర్చుకుంటివప్పా?"

"దొంగతనం చేసినా నలుగురికి పనికొచ్చేది చేయాల సార్. ఈ దినం మీరంతా ఇట్ల కూర్చోని చూస్తాంటే, నా బతుక్కీ ఒక అర్థం ఉండాదనిపిస్తాంది."

"చూసినారా! మనిషంటే ఈయప్ప!"

చప్పట్లు మోగాయి. హయగ్రీవ అక్కడికక్కడే సిఫారసు రాశాడు. సంతకం పెట్టాడు. ముద్ర కూడా కొట్టాడు. ఇక కేసు నంబరు ఒక్కటే మిగిలింది. గుమాస్తా రామచంద్రప్పను ఫైలు తెమ్మన్నాడు.

"ఇంత మంచోడు ఏం దొంగిలించినాడప్పా?"

రామచంద్రప్ప ఫైలు తెరిచి, ఒకసారి గోడవైపు చూసి, గొంతు తగ్గించాడు.

"చింతామణి టాకీసులో ఈ సినిమానే సెల్‌ఫోన్లో దొంగతనంగా తీసి అమ్మినాడు సార్, కోర్టులో సాక్ష్యం ఈయప్ప దగ్గిన ఆ దగ్గే."