ఎడమచేతి గిటారు

"కొంప మునిగింది తల్లీ," అన్నాడు తీగల మాస్టారు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "ఇది ఎడమచేతివాటం వాళ్ళు వాయించే గిటారు."

దుకాణం బల్ల మీద నీలంరంగు గిటారు పడుకుని ఉంది. ఫైబర్ గ్లాస్ ఒళ్ళు, చెక్క మెడ. ఇంకా తీగలు ఎక్కలేదు. అన్నయ్య కోసం విడిభాగాల కిట్ తెప్పించి ఆమె సొంతంగా బిగించింది. తీగలు కట్టి శ్రుతి చేయడం మాత్రం చేతకాక ఇక్కడికి తెచ్చింది.

"అవునాండీ?" అంది మెల్లగా.

"అవునా ఏంటి? మామూలుగా పట్టుకుంటే శబ్దం పెంచి తగ్గించే గుబ్బలన్నీ పైకొచ్చాయి. లావుతీగ గాడి ఉండాల్సిన చోట సన్నతీగ గాడి ఉంది. మీ అన్నయ్యది కుడిచేతివాటమేగా? ఇన్నేళ్ళూ నా దగ్గరే తీగలు కొన్నాడు, నాకు తెలీదా?"

"కుడిచేతివాటమే."

"మరి కుడీ ఎడమా చూసుకోకుండా తెప్పించేశావా?"

ఆమె తల దించుకుని నవ్వింది. ఈ మాట పడడం ఆమెకు కొత్త కాదు. ఊళ్ళో బడిలో కవాతు చేసేటప్పుడు పిల్లలంతా ఒకవైపు తిరిగితే తనొక్కతే ఇంకోవైపు తిరిగేది. పంతులమ్మ విసిగిపోయి ఆమె కుడి మణికట్టుకి దారం కట్టింది. ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడ్డ అన్నయ్యని చూసి, "నా దారం వైపు నీకు ఎడమచెయ్యి ఉందేంటి?" అని ఏడిస్తే, వాడు పడీ పడీ నవ్వాడు.

"పోనీ, రంగు కూడా వేసేశావు కాబట్టి వెనక్కి తీసుకోరు. నేనే గాళ్ళు పూడ్చి ఏదో ఒకటి చేస్తాలే," అన్నాడు మాస్టారు.

"వద్దు మాస్టారూ. ఇలాగే కట్టేయండి."

"ఇలాగేనా! బోడిగుండుకి దువ్వెన ఇచ్చినట్టు..." అంటూనే ఆయన చూపు మగపిల్లాడి క్రాపులా కత్తిరించిన ఆమె జుట్టు మీద పడింది. నాలుక కరుచుకున్నాడు. "నిన్ను కాదులే తల్లీ."

ఈసారి ఆమె నిజంగానే నవ్వింది.

"అసలు వాడు వాయించడం ఎందుకు మానేశాడు?" తీగ మెలిపెడుతూ అడిగాడాయన. "పోయినేడు పాత గిటారు తెచ్చి అమ్మిపెట్టమన్నాడు. కోటు జేబులోంచి చెయ్యి తీయకుండా దొరబాబులా నిలబడి, మోజు తీరిపోయింది మాస్టారూ అన్నాడు. నాకైతే ఒళ్ళు మండింది."

ఆమె తర్వాతి తీగ తీసి ఆయన చేతికి అందించింది.

ఊరినుంచి ఆమెను వెంటబెట్టుకొచ్చి, తను పనిచేసే ఫైబర్ తలుపుల షెడ్డులోనే పనికి పెట్టించింది అన్నయ్యే. జిగురులో గాలిబుడగ మిగలకుండా ఫైబర్ గుడ్డ ఎలా పరచాలో నేర్పిందీ అతనే. ఇప్పుడతను యంత్రాల దగ్గర లేడు, గేటు పక్క గదిలో కూర్చుంటున్నాడు. ఆమె ఎప్పుడైనా "అన్నయ్యా, నువ్వు లేకపోతే నేను..." అని మొదలుపెడితే చాలు, "ఆ ఊసెత్తావంటే తంతాను" అని లేచిపోతాడు. నోటితో చెప్పనివ్వని మాటను ఏం చేయాలి? పని వేళ ముగిశాక షెడ్డులో ఓ మూల కూర్చుని, కిట్‌లో వచ్చిన ఫైబర్ ఒంటికి చిల్లులు పూడ్చింది. గరుకు నీళ్ళకాగితంతో నున్నగా రుద్దింది. గాజుపొడికి మోచేతుల దాకా దురదలెక్కినా ఆపలేదు.

తీగలు బిగిశాయి. మాస్టారు ఒక చిన్న పిక్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తీగలు మీటుకోడానికి. ఇది నా తరఫున. వాడు తిడితే మాత్రం నన్ను లాగకు."

ఇంట్లో, ఆమె తెచ్చిన గిటారు సంచి జిప్పుని అన్నయ్య కుడిచేత్తో లాగాడు. ఉక్కగా ఉన్నా కోటు విప్పలేదు.

"ఎవరిదే ఇది?"

"నీదే. నేనే చేశాను."

"మానేశానని చెప్పానా లేదా?" అన్నాడు కానీ, చెయ్యి అప్పటికే గిటారు ఒంటిమీద పాకుతోంది. "ఒక్క బుడగ కూడా లేదే! నా పేరు నిలబెట్టావు పో. ఈ నీలం ఎక్కడో చూశాను."

"నా రిబ్బన్ రంగు."

"జడ కోయించుకున్నదానికి రిబ్బన్ మీద మమకారమేంటే!" అని నవ్వి, గిటారును ఒళ్ళోకి తిప్పుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇది ఎడమచేతిది."

"తెలుసు."

"కుడీ ఎడమా తెలీని మొద్దువి, నీకేం తెలుసు?"

ఆమె కుడి మణికట్టు చూపించింది. దానికి దారం ఉంది. "ఈసారి పొరపాటు పడకూడదని కట్టుకుని మరీ తెప్పించానన్నయ్యా. కుడిచేత్తో మెడ మీది మెట్లు నొక్కాలి. ఎడమచేత్తో మీటాలి."

కోపమొచ్చిందేమోనని ఆమె అతని ముఖంలోకి చూసింది. చివరికి అతని కుడిచేతి వేళ్ళు మెట్ల మీదికెక్కాయి, పలక కొత్తగా పట్టిన పిల్లాడిలా తడబడుతూ. ఆమె అరచేతిలో పిక్ ఉంచి చాచింది.

ఏడాదిగా దాచుకున్న ఎడమచెయ్యి కోటు జేబులోంచి నెమ్మదిగా బయటికొచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిక్‌ని ఇరికించుకుంది. తీగలు మోగాయి.

"అపశ్రుతి," అన్నాడు, కళ్ళు తుడుచుకోకుండానే.

"గిటారుది కాదు, నీదే. అన్నయ్యా, నువ్వు లేకపోతే నేను..."

"ఊఁ, చెప్పు," అన్నాడు.

యంత్రం బెల్టులోంచి ఆమె జడను లాగేసిన ఆ చేతికి మిగిలినవి ఆ రెండు వేళ్ళే.